వాయునాళం వెనక ఒక గీత



పదో తరగతి చదివిన ప్రతివాళ్లూ ఒక బొమ్మ గీసే ఉంటారు. ‘మానవ శ్వాసవ్యవస్థ పటం గీసి భాగాలు గుర్తించండి’ అన్న ప్రశ్నకు జవాబు అది. పైన ముక్కు. దాని కింద నిలువుగా రెండు గీతలు. ఆ రెంటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డగీతలు. అడుగున రెండుగా చీలిన కొమ్మ, ఆ కొమ్మకు చెరో పక్క రెండు సంచులు, వాటి కింద విల్లులా వంగిన మరో గీత. పెన్సిలు చెక్కుకుని గీసి, పేర్లు రాసి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయిన బొమ్మ. నేను ముప్పై ఏళ్లు వైద్య విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం పాఠం చెప్పాను. నల్లబల్ల మీద రంగు సుద్దలతో ఈ బొమ్మను ఎన్ని వందలసార్లు గీశానో లెక్కలేదు. గీసిన ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేస్తున్నానని తెలుస్తూనే ఉండేది. ఆ వదిలేసినవాటి గురించే ఈ ప్రసంగం.

రేడియోలో బొమ్మ చూపించలేను. అయితే ఆ బొమ్మకు అసలు మీ మెడలోనే ఉంది. చూపుడువేలు గడ్డం కింద, మెడ నడిమధ్యన పెట్టి మెల్లగా కిందికి జార్చండి. ముందుకు పొడుచుకొచ్చిన గట్టి ముడి తగులుతుంది. మగవాళ్లకు స్పష్టంగా, ఆడవాళ్లకు కాస్త నున్నగా ఉంటుంది. అది స్వరపేటిక ముందుగోడ. వేలు అక్కడే ఉంచి ఒక గుటక వేయండి. ముడి పైకి లేచి మళ్లీ దిగింది కదా. ఇంకాస్త కిందికి రండి. చిన్న మెత్తటి పల్లం, దాని కింద గట్టి ఉంగరం. ఆ ఉంగరం దగ్గర స్వరపేటిక ముగిసి వాయునాళం మొదలవుతుంది. వెనక వెన్నెముకలో చూస్తే, మెడ పూసల్లో ఆరోదానికి ఎదురుగా. అక్కణ్నుంచి మెడ అడుగున ఉన్న గుంట దాకా నాళం వేలికి అందుతుంది. తర్వాత రొమ్ము ఎముక వెనక్కి దూరిపోతుంది. అయినా వేలు ఆపకండి. ఆ ఎముక మీదుగా సుమారు రెండంగుళాలు దిగితే అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దాదాపు ఆ గట్టు మట్టంలోనే, ఛాతీ లోపల, వాయునాళం రెండుగా చీలుతుంది. మొత్తం పొడవు పది పన్నెండు సెంటీమీటర్లు. అంటే అర జానెడు. వెడల్పు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. పుట్టిన క్షణం నుంచి మనం పీల్చిన గాలంతా ఆ అర జానెడు గొట్టంలోంచే వచ్చింది, పోయింది.

గుటక వేసినప్పుడు ఆ ముడి ఎందుకు లేచింది? పటంలో అది తెలియదు, పటం కదలదు కాబట్టి. గొంతులో గాలి దారి, అన్నం దారి ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గాలి వెనకవైపు నుంచి దిగి ముందున్న నాళంలోకి పోవాలి. అన్నం ముందున్న నోట్లోంచి వచ్చి వెనకనున్న అన్నవాహికలోకి పోవాలి. ఆ కూడలిలో కాపలా ఉండాలి. ముద్ద మింగిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేచి నాలుక మొదటి కిందికి చేరుతుంది, ఆకులాంటి మూత ఒకటి దాని మీదికి వాలుతుంది, స్వరతంత్రులు దగ్గరికి మూసుకుంటాయి, ఆ క్షణం ఊపిరి కూడా ఆగుతుంది. ఆ మూత పేరు ఉపజిహ్విక. అద్దం ముందు నోరు తెరిస్తే వేలాడుతూ కనిపించే కొండనాలుకే ఈ మూత అని చాలామంది అనుకుంటారు. కాదు. కొండనాలుక అంగిలి చివర పైనుంచి వేలాడుతుంది. ఉపజిహ్విక నాలుక మొదట్లో కింది నుంచి పైకి నిలబడి ఉంటుంది, పెద్దవాళ్లు మామూలుగా నోరు తెరిస్తే కనపడదు. ఈ రెండు పేర్లూ తారుమారైన బొమ్మలు నేను చాలానే దిద్దాను.

మూత పడేలోగా మెతుకు గాలి దారిలోకి జారితే పొలమారుతుంది. ఎవరో తలచుకున్నారంటారు మన ఇళ్లల్లో, మాడు మీద తడతారు, మంచినీళ్ల గ్లాసు అందిస్తారు. తలచుకున్నారన్న మాటలో ఆప్యాయత ఉంది, అది ఉండనివ్వండి. నీళ్లు మాత్రం దగ్గు తగ్గాకే ఇవ్వండి. దగ్గగలుగుతున్నంతసేపూ ఆ దగ్గే మందు.

ఇప్పుడు ఆ నిచ్చెన మెట్ల సంగతి. వాయునాళంలో పదహారు నుంచి ఇరవై దాకా మృదులాస్థి కమ్ములుంటాయి. పిల్లలు వీటిని నిండు ఉంగరాలుగా గీస్తారు. నిజానికి అవి ఉంగరాలు కావు, గుర్రపు లాడాలు. ముందువైపు, పక్కలా గట్టిగా ఉండి వెనక తెరిచి ఉంటాయి. ఆ తెరిచిన చోటును పలుచటి కండర పొర మూస్తుంది. గట్టి కమ్ములు ఎందుకో రైతుకు చెప్పనక్కరలేదు. మోటారుకు నీళ్లు లాగే సక్షన్ పైపుకు లోపల చుట్టలు చుట్టలుగా గట్టి తీగ ఉంటుంది, లేకపోతే లాగినప్పుడు గొట్టం నొక్కుకుపోతుంది. నీళ్లు బయటికి తోసే పైపుకు ఆ అవసరం లేదు. మనం కూడా గాలిని లోపలికి లాగుతాం, అందుకే ఈ కమ్ములు. మరి వెనక ఎందుకు తెరిచి ఉన్నాయి? వెనక ఆనుకుని అన్నవాహిక ఉంది. పెద్ద ముద్ద దిగేటప్పుడు అది ముందుకు ఉబ్బడానికి చోటు కావాలి. దగ్గేటప్పుడు ఆ వెనక గోడ లోపలికి నొక్కుకుని దారిని ఇరుకు చేస్తుంది, ఇరుకైన దారిలో గాలి వేగం పెరిగి కళ్లెను ఎగదన్నుతుంది. ఇంత పని చేసే వెనక గోడ మన పటంలో ఉండదు. పటం ముందు నుంచి చూసి గీసింది కదా! ముందు నుంచి చూస్తే నాళం వెనక ఏముందో ఎలా కనపడుతుంది? మంచి అట్లాసుల్లో వెనక నుంచి చూసిన బొమ్మ ఒకటి తప్పకుండా ఉంటుంది. మన బడి పుస్తకాల్లో నాకు అది కనపడలేదు.

వాయునాళానికి పాశ్చాత్య వైద్యంలో ఉన్న పేరు ట్రాకియా. దానికి మూలమైన గ్రీకు మాటకు అర్థం ‘గరుకైన’ అని. ఆ కమ్ముల గరుకుతనాన్ని బట్టి దాన్ని గరుకు ధమని అన్నారు. ధమని అని ఎందుకన్నారంటే, ప్రాచీన గ్రీకుల్లో చాలామంది ధమనుల్లోనూ గాలే పారుతుందనుకున్నారు. చనిపోయిన శరీరంలో ధమనులు ఖాళీగా కనిపిస్తాయి, అదే కారణం. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గేలెన్ వచ్చి ధమనుల్లో ఉన్నది రక్తమేనని చూపించాడు. పందుల మీద పరీక్షలు చేసి, స్వరపేటికకు వెళ్లే సన్నటి నరాన్ని బిగిస్తే అరుపు ఆగిపోతుందని కూడా చూపించాడు. కాని ఆయన కోసి చూసినవి ఎక్కువగా కోతులు, పందులు. ఆయన మాటే వేదమై దాదాపు పదమూడు వందల ఏళ్లు నడిచింది.

లియోనార్డో డా విన్చీ 1508 తర్వాత కొన్నేళ్లపాటు శవాలను కోసి చూసి గీసిన కాగితాలు ఇప్పుడు ఇంగ్లండు రాజకుటుంబ సేకరణలో, విండ్సర్‌లో ఉన్నాయి. స్వరపేటిక, వాయునాళం, దాని కొమ్మలు, కొమ్మల వెంట అల్లుకున్న రక్తనాళాలు ఉన్నాయి వాటిలో. కొన్ని జంతువుల అవయవాలను చూసి గీసినవి. ఆ చేతికి సాటి లేదు. అయితే ఆ కాగితాలు ఆయన బతికుండగా అచ్చుకాలేదు, తర్వాత మూడు శతాబ్దాలకు పైగా విద్యార్థుల చేతికి రాలేదు. అందుకే పాఠం మార్చిన ఘనత ఇంకొకరికి దక్కింది. 1543లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో ఇరవై ఎనిమిదేళ్ల ఆంద్రియాస్ వెసేలియస్ పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. మనిషి శరీరాన్ని స్వయంగా కోసి, చూసినదే గీయించాడు. బొమ్మల చెక్క అచ్చులు వెనిస్ నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి బాజెల్ చేరాయి. ఆ పుస్తకం చివరి అధ్యాయంలో ఒక సంగతి ఉంది. ఛాతీ తెరిచిన జంతువు ఊపిరితిత్తులు ముడుచుకుపోయి గుండె తడబడుతున్నప్పుడు, వాయునాళానికి చిన్న రంధ్రం చేసి, రెల్లు గొట్టం పెట్టి ఊదితే, ఊపిరితిత్తులు తిరిగి ఉబ్బి గుండె కుదుటపడుతుందని రాశాడు. కొవిడ్ రోజుల్లో మనం భయంతో పలికిన వెంటిలేటర్ అన్న మాట వెనక ఉన్న సూత్రం అదే. ఆ చెక్క అచ్చులు నాలుగు వందల ఏళ్లు నిలిచి, రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ నగరం మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి.

కమ్ముల సంగతి ఇలా ఉంటే, సంచుల సంగతి వేరు. ఊపిరితిత్తి అన్న మన మాటే ఒక బొమ్మ. తిత్తి అంటే తోలు సంచి. కమ్మరి కొలిమి దగ్గర గాలి కొట్టేదీ తిత్తే. ఈ మాట కట్టినవాళ్లు శ్వాస జరిగే తీరును చక్కగా గమనించారు. తిత్తిని లాగి విప్పితే గాలి దానంతటదే లోపలికి దూరుతుంది. ఛాతీ కూడా అంతే. పక్కటెముకలు పైకి లేచి, అడుగున గొడుగులా ఉన్న ఉదరవితానం కిందికి దిగితే లోపల చోటు పెరుగుతుంది, గాలి వస్తుంది. గాలి రావడం వల్ల ఛాతీ ఉబ్బదు, ఛాతీ ఉబ్బడం వల్ల గాలి వస్తుంది. బడిలో గంట జాడీకి వై ఆకారపు గొట్టం పెట్టి, రెండు బెలూన్లు కట్టి, అడుగున రబ్బరు పొర లాగి చూపించే ప్రయోగం చెప్పేదీ ఇదే. మంచి ప్రయోగం. కాని దానివల్ల పిల్లల మనసులో ఊపిరితిత్తి అంటే లోపలంతా బోలుగా ఉన్న బుడగ అని ముద్రపడిపోతుంది.

లోపల బోలు లేదు. నాళం రెండుగా, ఆ రెండూ మళ్లీ రెండేసిగా, అలా దాదాపు 23 తరాలు చీలుతూ పోతుంది. చివర వాయుగోణులనే చిన్న గాలి గదులుంటాయి, ఒక్కోదాని అడ్డుకొలత మిల్లీమీటరులో నాలుగో వంతుకు అటూ ఇటూ. 1661లో ఇటలీలోని బొలోన్యాలో మార్చెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి, అది మాంసపు ముద్ద కాదని, సన్నటి పొరల గదుల గుత్తి అని చూశాడు. ఆ గదుల గోడల మీద వెంట్రుకల కన్నా సన్నటి రక్తనాళాలు ధమనినీ సిరనూ కలుపుతూ కనిపించాయి. రక్తం గుండ్రంగా తిరుగుతుందని విలియం హార్వే 1628లోనే రాశాడు, ధమని నుంచి సిరలోకి ఎలా దాటుతుందో మాత్రం చూడలేకపోయాడు. ఆ దాటే చోటును చూసిన మాల్పీగీ పుట్టింది సరిగ్గా ఆ 1628లోనే. మన పుస్తకాల్లో కనిపించే 30 కోట్ల వాయుగోణులన్న లెక్క ఎవాల్డ్ వైబెల్ అన్న స్విస్ శాస్త్రవేత్త 1963 పుస్తకం నాటిది. 2004లో మరింత కచ్చితంగా లెక్కించినప్పుడు సగటున 48 కోట్లు వచ్చాయి. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే ఎంత చోటన్నదానికి 70 చదరపు మీటర్ల నుంచి 140 దాకా లెక్కలున్నాయి. నడుమ 100 వేసుకుంటే మన కొలతలో 120 గజాల ఇంటి స్థలం. అంత నేల రొమ్ము గూటిలో ఇమిడి ఉంది. పటంలోని ఆ రెండు ఖాళీ సంచులు చూసి ఇది ఎవరూ ఊహించలేరు.

ఈ బొమ్మలు వేసినవాళ్లలో నాకు ఆత్మీయుడు హెన్రీ వాండైక్ కార్టర్. పేరు విని ఉండకపోవచ్చు. ‘గ్రేస్ అనాటమీ’ అన్న పుస్తకం పేరు మాత్రం వైద్యం చదవనివాళ్లూ విని ఉంటారు. 1858లో లండన్‌లో వచ్చింది. రాసింది హెన్రీ గ్రే, బొమ్మలు వేసింది కార్టర్. మొదటి ముద్రణలో 363 బొమ్మలు. అప్పటికి వచ్చిన పుస్తకాల్లో చాలావాటిలో బొమ్మ మీద చిన్న చిన్న అక్షరాలు వేసి, వాటి పేర్లు కింద ఎక్కడో పట్టికలో ఇచ్చేవారు. చదివేవాడి కళ్లు బొమ్మకూ పట్టికకూ మధ్య పరుగులు తీసేవి. కార్టర్ పేరును ఆ భాగం మీదే రాశాడు. వీధి పేరు వీధి మీదే రాసిన పటంలాగా. స్వరపేటిక మృదులాస్థులు, దాని కింద వాయునాళం, చీలిన కొమ్మలు ఉన్న ఆయన బొమ్మలో అనవసరమైన నీడ లేదు, అలంకారం లేదు. ఆ బొమ్మలన్నీ చెక్క దిమ్మ మీద నేరుగా గీశాడు, అదీ తిరగేసి. అచ్చులో ఎడమవైపు రావలసింది చెక్క మీద కుడివైపు గీయాలి. ఊపిరితిత్తుల విషయంలో ఇది చిన్న పని కాదు, రెండు పక్కలా ఒకే తీరుగా ఉండవు కాబట్టి.

పుస్తకం అమ్మినకొద్దీ గ్రేకు వాటా వచ్చింది. కార్టర్‌కు ఒక్కసారి ఇచ్చిన 150 పౌండ్లే. ముఖపత్రం మీద ఆయన పేరును చిన్న అక్షరాలకు తగ్గించారు. ఇది అన్యాయమని నేను మా విద్యార్థులకు ఏటా చెప్పేవాణ్ని. ఆ 1858లోనే కార్టర్ ఓడెక్కి బొంబాయి వచ్చేశాడు. గ్రాంట్ వైద్య కళాశాలలో శరీర నిర్మాణం బోధించాడు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు. మూడు దశాబ్దాలు మన దేశంలోనే పనిచేశాడు. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే 1876 నాటి మహా కరువులో దిక్కులేక బొంబాయి చేరినవాళ్లకు తిరగబెట్టే జ్వరాలు పట్టుకుంటే, వాళ్ల రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి ఆ జ్వరం మీద పుస్తకం రాశాడు. కుష్ఠు మీద పనిచేశాడు. గ్రే 1861లో ముప్పై నాలుగేళ్లకే మశూచితో పోయాడు. పుస్తకం మాత్రం ఆయన పేరుతోనే ఈ నాటికీ కొత్త ముద్రణలు వేసుకుంటోంది.

రెండు పక్కలా ఒకేలా ఉండవన్నాను. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండే. గుండె ఎడమకు ఒరిగి కొంత చోటు తీసుకుంటుంది. వాయునాళం చీలాక కుడి కొమ్మ పొట్టిగా, లావుగా, దాదాపు నిటారుగా దిగుతుంది. పొడవు రెండున్నర సెంటీమీటర్లు. ఎడమ కొమ్మ దానికి రెట్టింపు పొడవు, సన్నం, పక్కకు వాలి పోతుంది. పరీక్ష పటాల్లో రెండు కొమ్మలూ త్రాసు చేతుల్లా సమానంగా ఉంటాయి. మరో చిక్కు కూడా ఉంది. బొమ్మలో కుడి అంటే మన కుడి కాదు, బొమ్మలోని మనిషి కుడి. ఆయన మనకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఎక్స్‌రే కూడా అలాగే చూస్తాం. 2020, 21లలో మన ఊళ్లల్లో ఎవరి నోట విన్నా స్కాన్‌లో ఇరవై అయిదుకు ఎంత వచ్చిందన్న మాటే. ఆ ఇరవై అయిదు ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగినవాళ్లు తక్కువ. మూడు, రెండు, మొత్తం అయిదు తమ్మెలు. ఒక్కో తమ్మె ఎంత దెబ్బతిందో చూసి అయిదుకు ఇన్ని అని వేస్తారు. అంతే. ఆ పటం సరిగ్గా చదువుకుని ఉంటే, ఆ అంకె చేతికొచ్చిన రాత్రి కొందరికైనా అదేమిటో తెలిసి ఉండేది.

కుడి కొమ్మ నిటారుగా ఉండడం మాటల్లో చిన్న వివరం. చిన్నపిల్లలున్న ఇంట్లో అది చాలా పెద్దది. మా వీధిలో ఒకరింట్లో రెండేళ్ల బాబు పెళ్లి సందడిలో వేరుశనగ పలుకులు నములుతూ పకపకా నవ్వాడు. ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గాడు, సర్దుకున్నాడు. ఆ సందడిలో అందరూ మరిచిపోయారు. తర్వాత రెండు వారాలు దగ్గు, పిల్లికూతలు. ఒక చోట దగ్గు మందు రాశారు, మరో చోట ఉబ్బసమన్నారు. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడలేదు. కనపడదు కూడా. రూపాయి బిళ్ల కనపడుతుంది, గుండుసూది కనపడుతుంది, పలుకు కనపడదు. చివరికి ఒక వైద్యురాలు వీపు మీద రెండు పక్కలా వినిపించే గాలి చప్పుడులో తేడా పట్టుకుని, పలుకులేమైనా తిన్నాడా అని తల్లిని అడిగింది. గొట్టం దింపి చూస్తే కుడి కొమ్మలో అరబద్ద. తీశారు, బాబు బాగున్నాడు. పెద్దవాళ్లలో ఇలా పడ్డవి ఎక్కువగా కుడికే పోతాయి. పసిపిల్లల్లో రెండు కొమ్మల మధ్య తేడా అంతగా ఉండదు, ఎడమకూ పడొచ్చు. పటంలో ఉన్నది పెద్దవాళ్ల నాళం. రెండేళ్ల పిల్లవాడి నాళం దాదాపు వాడి చిటికెన వేలంత లావు.

ఆ గొట్టం దింపే విద్యకు పునాది వేసినవాళ్లలో ఫిలడెల్ఫియా వైద్యుడు షెవాలియే జాక్సన్ ముఖ్యుడు. 1865లో పుట్టి 1958 దాకా బతికాడు. ఆయనకన్నా ముందే 1897లో జర్మనీలో గుస్తావ్ కిల్లియన్ శ్వాసనాళంలోంచి ఎముక ముక్కను గొట్టంతో తీశాడు. జాక్సన్ ఆ పనిని నలుగురికీ నేర్పదగిన విద్యగా చేశాడు. ఆయన రెండు చేతులతోనూ బొమ్మలు వేసేవాడు. రంగు సుద్దలతో, పాఠం చెబుతూనే, గొట్టంలోంచి తన కంటికి కనిపించినదాన్ని గీసి చూపేవాడు. అప్పటిదాకా వాయునాళం బొమ్మ అంటే చనిపోయిన శరీరాన్ని బయటి నుంచి చూసినది. జాక్సన్ గీసింది బతికున్న మనిషి వాయునాళాన్ని, లోపలి నుంచి. ఎర్రటి తడి సొరంగం, దాని గోడల మీద కమ్ముల గీతలు, దూరాన చీలిక. మనుషుల గొంతుల్లోంచి, నాళాల్లోంచి తీసిన గుండీలు, సేఫ్టీ పిన్నులు, నాణేలు, బొమ్మల ముక్కలు ఒక్కటీ పారేయకుండా దాచాడు. 2,300కు పైగా ఉన్న ఆ వస్తువులు ఇప్పుడు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో ఉన్నాయి. వేరుశనగ పలుకు శ్వాసనాళంలో పడితే అందులోని నూనె వల్ల వచ్చే వాపుకు ప్రత్యేకంగా పేరు పెట్టిందీ ఆయనే. వేరుశనగ పండించి, ఉడకబెట్టి, వేయించి, ఉండలు కట్టి తినే మన రాయలసీమ, పాలమూరు ఇళ్లకు ఆ పేరు తెలియకపోయినా ఆ ప్రమాదం తెలియాలి.

రంగుల మాట కూడా చెప్పాలి. పటాల్లో ఊపిరితిత్తి గులాబీ రంగులో ఉంటుంది. పసిబిడ్డదైతే అలాగే ఉంటుంది. ముప్పై ఏళ్లలో మా బల్ల మీదికి వచ్చిన పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో నేను ఒక్కటి కూడా గులాబీ రంగులో చూడలేదు. బూడిద రంగు, దాని మీద నల్లటి చారలు, మచ్చలు. బీడీలు, ఊళ్లో పొగ, కట్టెల పొయ్యి. పొగ తాగే అలవాటే లేని ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లో కూడా ఆ మసి కనిపించేది. విద్యార్థులు అట్లాసు వైపు చూసి, బల్ల వైపు చూసి, ఇది జబ్బు ఊపిరితిత్తా అని అడిగేవారు. కాదమ్మా, ఇది బతికిన ఊపిరితిత్తి అనేవాణ్ని.

ఆ బల్ల మీద పడుకున్న మనిషి ఎవరన్నది కూడా మరవకూడదు. వెసేలియస్ కోసినవి ఎక్కువగా ఉరితీసినవాళ్ల దేహాలు. గ్రే, కార్టర్ల కాలంలో ఇంగ్లండులో 1832 నాటి చట్టం ప్రకారం ఎవరూ అడగడానికి రాని పేదల శవాలు బల్ల మీదికి వచ్చేవి. నాజీల కాలంలో వియన్నా విశ్వవిద్యాలయ శరీర నిర్మాణ శాస్త్ర సంస్థలో పెర్న్‌కాఫ్ అన్న ఆచార్యుడు తయారు చేయించిన అట్లాసు బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయంటే శస్త్రచికిత్స నిపుణులు దశాబ్దాలపాటు వాటిని దగ్గర పెట్టుకున్నారు. ఆ సంస్థకు మరణశిక్షకు గురైన వెయ్యి మందికి పైగా దేహాలు చేరాయని 1998లో ఆ విశ్వవిద్యాలయ విచారణే తేల్చింది. నేను ఆ అట్లాసును తరగతిలో వాడలేదు. ఇప్పుడు మన దగ్గర తమంతట తాము దేహదానం చేస్తున్నవాళ్లున్నారు. తరగతి మొదలుపెట్టే ముందు ఆ దేహానికి నమస్కరించి మొదలుపెట్టడం మా పిల్లలకు నేర్పాం.

చివరగా, పటంలో అడుగున విల్లులా వంగిన గీత. ఉదరవితానం. ఎవరికైనా గొంతులో ఏదైనా అడ్డుపడి, దగ్గలేక, మాట రాక, మెడ పట్టుకుంటే ప్రాణం నిలిపేది ఆ గీతే. ఏడాది దాటినవాళ్లయితే ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి. వస్తువు రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కండి. ఉదరవితానం పైకి తోసుకుని, ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే అడ్డును ఎగదన్నుతుంది. అమెరికా వైద్యుడు హైమ్లిక్ 1974లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. గర్భిణులకు పొట్ట మీద కాదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. ఏడాది లోపు పసికందుకూ పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద అయిదు చరుపులు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో అయిదు నొక్కులు. అడ్డు పోయేదాకా మార్చి మార్చి చేస్తూ ఉండండి. ఈలోగా పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయాలి. కనపడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి, ఇంకా లోపలికి పోతుంది.

తల్లులూ, అమ్మమ్మలూ, నానమ్మలూ, అయిదేళ్లలోపు పిల్లలకు వేరుశనగ పలుకులు పలుకులుగా పెట్టకండి, పొడి చేసి పెట్టండి. సీతాఫలం గింజలు తీసి ఇవ్వండి. తినేటప్పుడు పరిగెత్తనివ్వకండి, నవ్వించకండి.

సైన్సు పాఠం చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు నాది ఒక విన్నపం. ఈసారి పిల్లల చేత ఈ పటం గీయించేటప్పుడు కుడి కొమ్మను కాస్త లావుగా, నిటారుగా గీయించండి. కమ్ముల్ని లాడాల్లా గీయించండి. పక్కన చిన్నదిగానైనా మరో బొమ్మ, పక్క నుంచి చూసినది, వేయించండి. అందులో వాయునాళం వెనక ఇంకొక గీత గీయించి, దాని మీద అన్నవాహిక అని పేరు రాయించండి.